హెర్మీసను గ్రహశకలము: అదర్శన పునర్దర్శనములు

1937వ సంవత్సరము అక్టోబరు 30వ తేదిని ఒక గ్రహశకలము భూమికి సుమారు 7,40,000 కిలోమీటర్ల దూరమునఁ గడచిపోయెను. చంద్రుఁడు మనకు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాఁడు. కావున నా వస్తువు చంద్రుని దూరమునకు రెట్టింపుకంటె నించుక తక్కువ దూరమునకు వచ్చినదని యెఱుఁగవలెను. అంతవఱకు మనుష్యులు గుర్తించిన గ్రహశకలములలో నింత సమీపమునకు వచ్చినది వేఱొకటి లేదు. దానికి హెర్మీసని పేరిడిరి. పేరిడుటయే కాని, ఆ పేరుగల వస్తువు పిమ్మట నెవ్వరికిని గానరాలేదు. అది మరలఁ గనఁబడుటకు 66 సంవత్సరములు పట్టెను.

ఈ గ్రహశకలమును గుఱించి వ్రాయువారు తఱచుగా దాని సామీప్యమును వర్ణించి, భూమికిఁ దప్పిన ప్రమాదమును జెప్పి విడిచెదరు. సామీప్యముకంటె విచారింపఁదగిన విషయము మఱియొకటి యిందుఁ గలదు. ఇంత దగ్గఱకు వచ్చిన వస్తువు మన యెఱుకనుండి యెట్లు జాఱిపోయినది? అన్ని సంవత్సరముల తఱువాతఁ గనఁబడిన వస్తువు పూర్వపు హెర్మీసే యని యే ప్రమాణముచే నిర్ణయింపఁబడినది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చరిత్రక్రమమున వెదకవలసియున్నది.

గ్రహశకలము లనఁగా సూర్యునిచుట్టుఁ దిరుగుచుండు చిన్న ఱాతిముద్దలు, లోహపుముద్దలు. వీనిలో నధికభాగము కుజ గురు కక్ష్యల నడిమి ప్రదేశమున సంచరించును. సామాన్యముగా వెస్తా యనున దొక్కటి తప్పఁ దక్కినవి వట్టికంటికిఁ గానరావు. కావుననే ప్రాచీనసిద్ధాంతములందు వీని ప్రసక్తి లేదు. వీనిలో మొదట దొరకినది సీరిసు. 1801వ సంవత్సరము జనవరి 1వ తేదిరాత్రి సిసిలీ ద్వీపమందలి పలెర్మో వేధశాలలో జ్యుసెప్పె పియాజ్జి దానిని జూచెను. ఫిబ్రవరి 11వ తేదివఱకు నతఁడు వేధ చేయుచుండెను. అంతట నది సూర్యకాంతిలో మఱుఁగుపడెను; మన పంచాంగకర్తల మాటలోఁ జెప్పవలెనన్న మౌఢ్యమునఁ బడెను. మౌఢ్యము తీఱిన తఱువాత దాని నెక్కడ వెదకవలెనో యెవ్వరికిని దెలియలేదు. అప్పటికి 24 ఏండ్లవాఁడైన గౌస్ అను జర్మను గణితవేత్త పియాజ్జి వేధలనే యాధారముగాఁ గొని, స్వల్పకాలపు వేధలనుండి కక్ష్యను సాధించు పద్ధతి నొకదానిని గల్పించెను. ఆ సంవత్సరము డిసెంబరు 31వ తేదిని ఫాన్ జాఖ్, మఱునాఁడు ఓల్బర్సు, గౌస్ సూచించిన స్థానమునకు సమీపముననే సీరిసును మరలఁ జూచిరి. ఈ విధముగా గ్రహశకలచరిత్రము మొదలే పోయిన వస్తువును గణితముచే రాఁబట్టుకొనుటతో నారంభమైనది.

ఇందులోని కీలక మేమనఁగా: సూర్యునిచుట్టుఁ దిరుగు వస్తువు కక్ష్యను నిర్ణయించుటకు వేర్వేఱు సమయములందలి మూఁడు సంపూర్ణవేధలైన నుండవలెను. మూఁడున్నను నవి మిక్కిలి దగ్గఱదగ్గఱగా నున్నచోఁ జాలవు. పెద్ద వృత్తములో నొక చిన్న తునుకను మాత్రము చూపి మొత్తము వృత్తమును గీయుమన్నచో, ఆ తునుక యెంత చిన్నదైన నంత పొరపాటు కలుగును. పియాజ్జికి 41 దినముల వేధలు దొరకెను. అవి లేకున్న గౌస్ ప్రతిభయు నిరుపయోగమై యుండెడిది.

వేధలు చాలకపోవుటవలనఁ గలుగు నష్టమునకు మన చెన్నపురి వేధశాల చరిత్రముననే యొక నిదర్శనము కలదు. ఆ వేధశాలాధిపతియగు నార్మన్ పోగ్సన్ 1861వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదిని ఒక గ్రహశకలమును గనుఁగొని దానికి ఆసియా యని పేరిడెను. ఆసియాఖండమునఁ గనుఁగొనఁబడిన గ్రహశకలములలో నదియే మొదటిది. పదునొకం డేండ్ల తఱువాత, 1872వ సంవత్సరము నవంబరు 27వ తేదిరాత్రి యూరపుఖండమున గొప్ప యుల్కావర్షము కురిసెను. అది బీలా యను ధూమకేతువునకు సంబంధించినదనియు, ఆ ధూమకేతువు భూమిసమీపముననే పోయి దక్షిణాకాశమునఁ గనఁబడవచ్చుననియు నూహించి, గోటింగెన్ నగరమునందలి క్లింకర్‌ఫ్యూస్ చెన్నపురికిఁ దంతివార్త నంపెను. పోగ్సన్ వెదకి, సూచించిన ప్రదేశముననే మంచుముద్దవంటి మసక వెలుఁగునొకదానిని డిసెంబరు తొలిదినములలో రెండుమాఱులు చూచెను. మూఁడవ వేధకు వీలు చిక్కలేదు. రెండు వేధలతోఁ గక్ష్య యేర్పడదు కావున, ఆ వెలుఁగు బీలా ధూమకేతువే యని స్థాపించుటకు సాధ్యము కాలేదు. మూఁడవ సాక్ష్యము లేకపోవుటచే నొక గొప్ప విషయము సందేహములో మిగిలిపోయినది.

పోగ్సన్ కాలమున గ్రహశకలమును వెదకువాఁడు కంటితోఁ జూచి, నక్షత్రపటముతో సరిపోల్చుకొనవలసియుండెను. 1891వ సంవత్సరమున హైడల్‌బర్గు నగరమున మాక్సు వుల్ఫు ఛాయాగ్రహణపద్ధతిని బ్రవేశపెట్టెను. దూరదర్శిని నక్షత్రముల గమనము ననుసరించి తిరుగుచుండఁగా, గాజుపలకపై నక్షత్రములు చుక్కలుగాఁ బడును. చలించుచున్న గ్రహశకలము చిన్న గీఁతగాఁ బడును. ఈ గీఁతయే దాని గుఱుతు. ఈ పద్ధతివలన గ్రహశకలముల సంఖ్య శీఘ్రముగాఁ బెరుఁగుటయే కాక, మఱియొక లాభము కలిగెను. కంటితోఁ జూచినవాని చూపు వానితోనే పోవును. గాజుపలక మాత్రము వేధశాల బీరువాలో నిలిచియుండును. ఈ లాభము విలువ యెట్టిదో హెర్మీసు విషయమున ముందు తెలియఁగలదు.

భూమి దగ్గఱకు వచ్చు గ్రహశకలములు క్రమక్రమముగా బయటఁబడెను. 1898వ సంవత్సరము ఆగస్టు 13వ తేదిని బెర్లిన్ నగరమున గుస్తావ్ విట్ కనుఁగొనిన ఎరోసు 1931వ సంవత్సరమున భూమికి సుమారు 2 కోట్ల 60 లక్షల కిలోమీటర్ల దూరమునకు వచ్చెను. 1932వ సంవత్సరమున హైడల్‌బర్గులోనే కార్ల్ రైన్‌ముత్ అపొల్లో యనుదానిని గనుఁగొనెను. భూకక్ష్యను దాఁటి సూర్యునివైపు లోనికిఁ జొచ్చు గ్రహశకలములలో మొట్టమొదట నెఱుకపడినది యిదియే. ఇది సుమారు కోటి కిలోమీటర్ల దూరమునకు వచ్చెను. 1936వ సంవత్సరమున బెల్జియము దేశీయుఁడగు దెల్పోర్తు కనుఁగొనిన అడోనిసు 22 లక్షల కిలోమీటర్ల దూరమునకు వచ్చెను. దీని తఱువాతిదే 1937వ సంవత్సరపు హెర్మీసు. దూరము ఏఁటేఁటఁ దగ్గుచున్నట్లు కనఁబడుటకుఁ గారణము గ్రహశకలములు భూమిపైఁ బగఁబూనుట కాదు. వెదకు సాధనములు మెఱుఁగుపడుటయే.

అక్టోబరు 28వ తేదిరాత్రి తీసిన పలకపై రైన్‌ముత్ ఒక దీర్ఘమైన గీఁతను గుర్తించెను. గీఁత దీర్ఘమైనకొలఁది వస్తువు దగ్గఱగా నున్నదని యర్థము. మిక్కిలి సమీపమునకు వచ్చినప్పుడు హెర్మీసు ఆకాశమున గంటకు 5 డిగ్రీల చొప్పునఁ బరుగెత్తెను. చంద్రుఁ డొక నక్షత్రమును, అనఁగా 13 డిగ్రీల 20 కళలను, దాఁటుటకు నించుమించుగా నొక దినము పట్టును. హెర్మీసు అంతటి మేరను మూఁడు గంటలలోపలనే దాఁటెను. ఇట్టి వేగము కల వస్తువును వెంబడించుట దుర్ఘటము. జర్మనీయందును, అమెరికాయందును, దక్షిణాఫ్రికాయందును దీసిన పలకలలో దాని గీఁతలు దొరకెను గాని, అన్నిటిని గూర్చి చూచినను అవి అక్టోబరు 25వ తేదిమొదలు 29వ తేదివఱకు గల యైదు దినములకు సంబంధించినవే. ఈ వేధలను జేర్చి కక్ష్యను లెక్కించునప్పటికి హెర్మీసు దాఁటిపోయియుండెను. కావున 1937వ సంవత్సరమున మనుష్యులు రానున్న యాపదను జూచి భయపడిరనుట సరికాదు; అది పోయిన తఱువాతనే వచ్చినదని తెలిసికొనిరి. దూరమో, భూవ్యాసమునకు 58 రెట్లు.

ఇంక నది యేల కానరాకపోయినదో చూతము. హెర్మీసు సూర్యుని నొకసారి చుట్టివచ్చుటకు సుమారు 777 దినములు పట్టునని యిప్పుడు తెలిసియున్నది. అయిదు దినముల వేధలవలన నీ పరిభ్రమణకాలము సరిగాఁ దేలదు. ఒక్క దినము పొరపడితిమనుకొందము. ఒక చుట్టునకు నొక దినము తేడా వచ్చును. 31 చుట్లకు నొక నెల తేడా వచ్చును. దినమునకు లక్షలకొలఁది కిలోమీటర్లు పరుగెత్తు వస్తువు విషయమున నొక నెల యనఁగాఁ గోట్లకొలఁది కిలోమీటర్లు. గ్రహభగణములలోని సూక్ష్మదోషము ఏండ్లు గడచినకొలఁదిఁ బెద్దదగుటయు, దానిని సవరించుటకు జ్యోతిషులు బీజసంస్కారము చేయుటయు సిద్ధాంతపాఠకు లెఱిఁగినదే. అయితే గ్రహములు ప్రతిసంవత్సరమును గంటికిఁ గనఁబడుచునే యుండును గావున సంస్కారమునకు వీలు కలదు. హెర్మీసు దూరముగా నున్నప్పుడు మిక్కిలి మసకయై, వెదకువానికి దొరకనే దొరకదు. పైఁగా నది భూమికిని శుక్రునకును సమీపమునఁ బోవునప్పుడెల్ల నా గ్రహముల యాకర్షణచేఁ గక్ష్య యించుక మాఱుచుండును.

ఇచ్చట నొక యాచారమును జెప్పవలసియున్నది. గ్రహశకలమునకు వరుససంఖ్య నిచ్చుట కక్ష్య నిశ్చయమైన తఱువాతనే. పేరిడుట సామాన్యముగా నా తఱువాతనే. హెర్మీసునకు సంఖ్య లేకయే పేరు మాత్రము లభించెను. యవనపురాణములలో హెర్మీసు దేవతల వార్తాహరుఁడు, బాటసారుల దైవము. ఎక్కడ నున్నదో తెలియని వస్తువున కీ పేరు తగియేయున్నది. సమానదశను బొందిన తక్కిన రెండును ముందుగానే దొరకెను: అపొల్లో 1973లోను, అడోనిసు 1977లోను. వానిని 1932, 1936 సంవత్సరములలో వారములకొలఁది వేధించియుండుటచే, బ్రయన్ మార్సుడెన్ గణించిన స్థానములు వెదకువారికి దారిచూపెను. హెర్మీసునకు మాత్ర మట్టి సదుపాయము లేదు.

2003వ సంవత్సరము అక్టోబరు 15వ తేదిని అమెరికాదేశమున ఆరిజోనా రాష్ట్రమందలి ఫ్లాగ్‌స్టాఫునఁ, లోవెల్ వేధశాలవారి యన్వేషణకార్యమున బ్రయన్ స్కిఫ్ ఒక చలించు చుక్కను గుర్తించెను. అతఁడు హెర్మీసును వెదకుచుండలేదు. భూమిసమీపమునకు వచ్చు గ్రహశకలముల నన్నిటిని గాలించుచుండెను. ఆ వార్త లఘుగ్రహకేంద్రమునకుఁ జేరఁగా, అచ్చటి తిమోతి స్పార్ అంతకుముందు వారములలో వేఱువేఱు చోట్ల నమోదైన చుక్కలలోఁ గొన్ని దీనివే యని పోల్చెను. వేధల కాలము దీర్ఘమైనకొలఁదిఁ గక్ష్య బాగుగాఁ దేలెను. ఆ కక్ష్య హెర్మీసునకుఁ బూర్వము చెప్పిన కక్ష్యను బోలియుండెను.

పోలియుండుట వేఱు, అదియే యగుట వేఱు. రెండు తాళపత్రప్రతులలోని పద్యములు పోలియున్నంతమాత్రమున నవి యొకే గ్రంథమునకుఁ బ్రతులని పరిష్కర్త నిశ్చయింపఁడు. పాఠములను వరుసగా సరిచూచి, తేడాలకుఁ గారణములు చెప్పఁగలిగిననే యొప్పుకొనును. ఇక్కడ నట్టి పరిష్కారకార్యమును స్టీవెన్ చెస్లీ, పాల్ చోడాసు అను గణితజ్ఞులు చేసిరి. 2003వ సంవత్సరపు కక్ష్యను వెనుకకు నడపించుచు, దారిలో భూమి శుక్రుల యాకర్షణలను లెక్కలోనికిఁ దెచ్చుచు, 31 చుట్లు దాఁటి 1937వ సంవత్సరమునకుఁ బోయిరి. ప్రారంభమునందలి యిసుమంత తేడా వెనుకకుఁ బోయినకొలఁదిఁ గోట్ల కిలోమీటర్లగును గావున, 2003 వేధల కవిరుద్ధములైన మార్గములలో 1937 అక్టోబరు పలకలందలి గీఁతలమీఁదుగాఁ బోవు మార్గము కలదా యని చూడవలసివచ్చెను. అట్టి మార్గము దొరకెను. 66 ఏండ్ల యెడముగల రెండు కాలముల వేధలును నొకే కక్ష్యలో నిమిడెను. అప్పుడు హెర్మీసునకు 69230 అను సంఖ్య లభించెను.

ఈ పరిష్కారమువలన నింకొక సంగతి బయటఁబడెను. 1937వ సంవత్సరపు రాకయే హెర్మీసు సామీప్యములలో మిక్కిలి దగ్గఱిదని యంతవఱకు లోకము తలఁచుచుండెను. అది నిజము కాదు. 1942వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదిని హెర్మీసు భూమికి సుమారు 6,34,000 కిలోమీటర్ల దూరమునకు, అనఁగా 1937కంటె నింకను లక్ష కిలోమీటర్లు దగ్గఱగా, వచ్చి పోయెను. అప్పుడు ప్రపంచయుద్ధము జరుగుచుండెను. దానిని జూచినవారు లేరు. దాని గీఁత పడిన పలకయు బయటఁబడలేదు. జరిగిన యఱువదియొక సంవత్సరములకు లెక్కవలన మాత్రమే యా రాక చరిత్రమున కెక్కినది. 2003వ సంవత్సరము నవంబరు 4వ తేదిని హెర్మీసు సుమారు 71 లక్షల కిలోమీటర్ల దూరమునకు వచ్చెను. ఆ సమయమున రాడార్ కిరణములచేఁ బరీక్షింపఁగా, జాన్ లూక్ మార్గో మున్నగువారికి మఱొక వింత కనఁబడెను. హెర్మీసు ఒక్కటి కాదు, రెండు! ఇంచుమించుగా సమానములైన రెండు ముద్దలు, ఒక్కొక్కటియు నొక కిలోమీటరుకంటెఁ జిన్నది, సుమారు 14 గంటలకొకసారి యొకదానిచుట్టు నొకటి తిరుగుచున్నవి. 1937వ సంవత్సరపు గాజుపలకలపై నొక్క గీఁతగాఁ బడినది జంట యని యప్పటివారికిఁ దెలియుటకు వీలు లేదు.

హెర్మీసు పాఠము తఱువాతివారికి వ్యర్థము కాలేదు. 1989వ సంవత్సరము మార్చినెలలో అస్కిలీపియసు అను గ్రహశకలము సుమారు 6,84,000 కిలోమీటర్ల దూరమునఁ గడచిపోయి, 1937వ సంవత్సరమునుండి హెర్మీసున కుండిన యగ్రస్థానమును దీసికొనెను. దానినిగూడ వెడలిపోయిన వారము దాఁటిన తఱువాతనే, మార్చి 31వ తేదిని, గనుఁగొనిరి. 2004వ సంవత్సరము జూన్ 19వ తేదిని గనుఁగొనఁబడిన అపోఫిసు విషయము వేఱు. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో వేధలు పెరిఁగినకొలఁది భయమును బెరిఁగెను. 2029వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదిని అది భూమిని దాఁకుటకు 37లో నొక పాలు అవకాశము కలదని లెక్క తేలెను. అట్లుండఁగా, కనుఁగొనుటకుఁ బూర్వమే మార్చినెలలోఁ దీసి భద్రపఱచిన చిత్రములలో దాని జాడ బయటఁబడెను. ఆ పాత వేధలను జేర్చి లెక్కింపఁగా 2029వ సంవత్సరపు భయము డిసెంబరు 27వ తేదిని తొలఁగిపోయెను. 2021వ సంవత్సరపు రాడార్ పరీక్షలవలన నింక నూఱేండ్లవఱకు దానిచే భయము లేదని తేలినది. 2029వ సంవత్సరమున నది భూతలమునకు సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తునఁ బోఁగలదు. హెర్మీసు దూరముతోఁ బోల్చిచూచిన నిది యిరువదవ పాలునకుఁ దక్కువయే. ఐనను భయము లేదు. 1937వ సంవత్సరమున దూరము హెచ్చు, ఎఱుక తక్కువ. ఇప్పుడు దూరము తక్కువ, ఎఱుక హెచ్చు.

దీనినిబట్టి తేలిన దేమనఁగా: వస్తువు సమీపమునకు వచ్చినంతమాత్రమున నది మన జ్ఞానములోనికి వచ్చినట్లు కాదు. 1942వ సంవత్సరమున హెర్మీసు మఱింత దగ్గఱకు వచ్చియు, వ్రాత లేకపోవుటచే, రానట్లే యయ్యెను. 1937వ సంవత్సరమున దానిని రక్షించినవి యైదు దినముల గీఁతలు. ఆ గీఁతలను దీసినవారికి వాని ప్రయోజనము వెంటనే దక్కలేదు. వేధలు చాలవు, వస్తువు పోయినది. ఇఁక నీ పలకలతోఁ బనియేమని యెవరైన ననియున్నచో, ఆ మాటకుఁ బ్రత్యుత్తరము చెప్పుట యప్పుడు కష్టమే. అయినను వేధశాలలవారు వేధలను జెడనీయక నిలిపియుంచిరి. 2003వ సంవత్సరమునఁ గనఁబడిన పేరులేని చుక్కకు హెర్మీసను పేరు తిరిగి లభించినది వానివలననే. ప్రయోజనము తెలియని సాక్ష్యమును సయితము చెడనీయక కాపాడుట పరిశోధకుల ధర్మములలో మొదటిది. ఆ సాక్ష్యమును జదువఁగలవాఁడు ఎప్పుడు పుట్టునో కాపాడువానికిఁ దెలియనక్కఱలేదు.